మంటల్లో ఉక్కు చట్రం: కూలే తీరును కంప్యూటరులో లెక్కకట్టడం

అగ్నిప్రమాదంలో ఉక్కు భవనం కూలడానికి ఉక్కు కరగనక్కర్లేదు. కరగాలంటే దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. భవనాల్లో రేగే మంటలు ఎంత పెద్దవైనా సాధారణంగా 1000, 1100 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. అయితే 560 డిగ్రీలకు చేరేసరికే ఉక్కు బలం సగానికి పడిపోతుంది. అది మోస్తున్న బరువు మాత్రం తగ్గదు. ఆ దశలో చట్రంలో ఏ దూలం ముందు వంగుతుందో, ఏ బోల్టు ముందు తెగుతుందో, ఒక మూల తగిలిన దెబ్బ అక్కడే ఆగుతుందో భవనమంతా పాకుతుందో కాగితం మీద లెక్కగట్టి చెప్పడం దాదాపు అసాధ్యం. తేల్చుకోవడానికి ప్రతి భవనాన్నీ తగలబెట్టి చూడలేం. అందుకే ఇంజనీర్లు భవనాన్ని కంప్యూటరులో కట్టి, కంప్యూటరులోనే మంట పెట్టి, అది కూలే తీరును గమనిస్తున్నారు. ఈ లెక్కలకు ఆధారమైన గణితాన్ని పదునుపెట్టినవారిలో గుడివాడలో పుట్టిన శాస్త్రవేత్త ఒకరున్నారు.

మన దేశంలో ఉక్కు కట్టడాలకు ప్రమాణం ఐఎస్ 800:2007. అందులో పదహారో అధ్యాయం అగ్నికి సంబంధించింది. దాని ప్రకారం 215 డిగ్రీల దాకా ఉక్కు బలం తగ్గదు. అక్కణ్నుంచి తిన్నగా దిగుతూ 905 డిగ్రీల దగ్గర సున్నా అవుతుంది. 905లోంచి ఉక్కు వేడిని తీసేసి 690తో భాగిస్తే మిగిలిన బలం ఎంతో తెలుస్తుంది. 400 డిగ్రీల దగ్గర 73 శాతం, 500 దగ్గర 59 శాతం, 600 దగ్గర 44 శాతం, 700 దగ్గర 30 శాతం. ఇదే సూత్రాన్ని తిరగేస్తే ఇంకా పనికొచ్చే సంగతి బయటపడుతుంది. ఒక దూలం తన పూర్తి బలంలో సగం మేరకు బరువు మోస్తుంటే 560 డిగ్రీల దగ్గర దాని ఓపిక అయిపోతుంది. బలంలో 30 శాతం మేరకే మోస్తుంటే 698 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. అంటే ఉక్కుకు అన్నిచోట్లా వర్తించే ‘ప్రమాదకర ఉష్ణోగ్రత’ అంటూ ఒకటి లేదు. మోసే బరువును బట్టి ఆ హద్దు మారుతుంది.

ఆ హద్దుకు చేరడానికి పట్టే సమయం రెండో లెక్క. ప్రయోగశాల కొలిమిలో చాలా దేశాలు వాడే ప్రామాణిక మంట ఐదు నిమిషాల్లో 576 డిగ్రీలకు, అరగంటలో 842కు, గంటకు 945కు చేరుతుంది. అది గాలి వేడి. ఉక్కు అంత త్వరగా వేడెక్కదు. ఎంత ఆలస్యం అవుతుందన్నది ప్రధానంగా మందం మీద ఆధారపడుతుంది. ఒక రేకుకు మంట తగిలే ఉపరితలాన్ని దాని లోహం ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే అంకెను ఇంజనీర్లు ముఖ్యంగా చూస్తారు. రెండు వైపులా మంట తగిలే 10 మిల్లీమీటర్ల రేకుకు ఈ అంకె మీటరుకు 200. 5 మిల్లీమీటర్ల రేకుకు 400. రెండోది ఇంచుమించు రెట్టింపు వేగంతో వేడెక్కుతుంది. ఏ పూతా లేని మామూలు దూలం ప్రామాణిక మంటలో పావుగంట, ఇరవై నిమిషాల్లోనే 550 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది.

బలంతోపాటు దృఢత్వమూ తగ్గుతుంది. బలం అంటే ఎంత భారానికి లొంగిపోతుందన్నది, దృఢత్వం అంటే భారానికి ఎంత వంగుతుందన్నది. నిటారు స్తంభం మెలిక తిరిగి వంగిపోవడంలో దృఢత్వానిదే పెద్ద పాత్ర. ఇక్కడే కోడ్‌ల మధ్య తేడా కనిపిస్తుంది. 600 డిగ్రీల దగ్గర దృఢత్వం సగం మిగులుతుందని మన ఐఎస్ 800 సూత్రం చెబుతుంది. అదే వేడికి యూరప్ కోడ్ 31 శాతమే మిగులుతుందంటుంది, ఎందుకంటే ఎక్కువసేపు వేడిలో ఉన్న ఉక్కు మెల్లగా సాగిపోయే గుణాన్ని కూడా అది కొంత కలుపుకుంటుంది. ఒకే భవనానికి, ఒకే మంటకు, ఏ పట్టిక వాడారన్నదాన్ని బట్టి స్తంభం నిలవనూవచ్చు, కూలనూవచ్చు. కంప్యూటరు నమూనా ఫలితాన్ని చూసేవారు ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

బోల్టుల సంగతి మరీ చెడ్డది. యూరప్ కోడ్ ప్రకారం 600 డిగ్రీల దగ్గర దూలంలో 47 శాతం బలం మిగిలితే, దాన్ని స్తంభానికి బిగించిన బోల్టులో 22 శాతమే మిగులుతుంది. దూలాన్ని లెక్కగట్టి అతుకును వదిలేసిన నమూనా సగం పని చేసినట్టే.

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ విడి దూలం, విడి స్తంభం లెక్కలు. నిజమైన చట్రంలో అవి ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. 10 మీటర్ల దూలం 500 డిగ్రీలు వేడెక్కితే ఆరేడు సెంటీమీటర్లు సాగుతుంది. విడిగా ఉంటే సాగి ఊరుకునేది. రెండు చివరలా స్తంభాలు అడ్డుకుంటే ఆ సాగుడంతా తోపుగా మారుతుంది. ఆ తోపుకు స్తంభం పక్కకు జరుగుతుంది, లేదా దూలమే మెలిక తిరుగుతుంది. వేడి ఇంకా పెరిగి దూలం బాగా కుంగాక వ్యవహారం తలకిందులవుతుంది. కుంగిన దూలం ఇప్పుడు స్తంభాలను లోపలికి లాగుతుంది. మంట తగ్గి ఉక్కు చల్లారేటప్పుడు సంకోచించి ఇంకా గట్టిగా లాగుతుంది. మంటను తట్టుకున్న అతుకు చల్లారేటప్పుడు తెగడం ప్రయోగాల్లో కళ్లారా చూసిన విషయం.

చట్రం మొత్తంగా పనిచేయడం ఒక్కోసారి మేలు కూడా చేస్తుంది. 1990 జూన్ 23న లండన్‌లోని బ్రాడ్‌గేట్‌లో కడుతున్న 14 అంతస్తుల భవనంలో మంటలు లేచి నాలుగున్నర గంటలు మండాయి. అప్పటికి ఉక్కులో చాలా భాగానికి అగ్నినిరోధక పూత వేయలేదు. విడి దూలాల లెక్క ప్రకారం అది కూలాలి. కొన్ని స్తంభాలు పొట్టివై, దూలాలు కుంగాయి తప్ప భవనం నిలిచింది. ఎందుకు నిలిచిందో తేల్చడానికి బ్రిటన్ ఇంజనీర్లు బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని కార్డింగ్టన్‌లో, ఒకప్పుడు గాలి ఓడలను ఉంచిన పెద్ద షెడ్డు లోపల, 45 మీటర్ల పొడవు, 21 మీటర్ల వెడల్పుతో నిజమైన ఎనిమిదంతస్తుల ఉక్కు భవనమే కట్టి 1995, 1996లలో ఒక్కో భాగానికి నిప్పు పెట్టారు. పూతలేని దూలాలు 1000 డిగ్రీలు దాటినా అంతస్తులు కూలలేదు. బలం కోల్పోయిన దూలాల మీద కాంక్రీటు స్లాబు, లోపలి ఇనుప కడ్డీల సాయంతో, నాలుగు అంచులకు కట్టిన వలలా కుంగి బరువును మోసింది. మంటల్లో ఉక్కు చట్రాల మీద ఆ తర్వాత వచ్చిన కంప్యూటరు నమూనాలు ఎక్కువగా తమ లెక్క నిజమో కాదో చూసుకున్నది ఈ కార్డింగ్టన్ కొలతలతోనే. ఈ ప్రయోగమే లేకపోతే ఈ శాస్త్రం నమ్మకం లేని లెక్కల కట్టగా మిగిలేది.

నమూనా కట్టడంలో మూడు పనులుంటాయి. మొదటిది మంట. గది లోపలి గాలిని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ప్రతి గడిలో వేడి, పొగ, ఆక్సిజన్, గాలి వేగం క్షణక్షణం ఎలా మారుతున్నాయో లెక్కిస్తారు. ఇందుకు ప్రపంచమంతటా వాడే ఉచిత ప్రోగ్రామును, ఫైర్ డైనమిక్స్ సిమ్యులేటరును, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000లో విడుదల చేసింది. ఇక్కడ అసలు చిక్కు గదిలో ఏముంది, ఎంతుంది అన్నదే. కిలో కర్ర కాలితే సుమారు 17 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కిలో థర్మకోలు కాలితే అంతకు రెట్టింపు దాటుతుంది. కిటికీ అద్దం ఎప్పుడు పగిలింది, తలుపు తీసి ఉందా లేదా అన్నవి కూడా మంట దారిని మార్చేస్తాయి.

రెండో పని ఆ వేడి ఉక్కులోకి ఎలా దిగుతుందో చూడటం. పూత మందం, కాంక్రీటు కప్పు, దూలం ఏ వైపు మంటకు ఎదురుగా ఉంది అన్నవన్నీ ఇందులోకి వస్తాయి. మూడింటిలో ఇది తేలిక. మూడోది చట్రం వంగడం, తెగడం, పడటం. కష్టమంతా ఇక్కడే ఉంది.

చట్రాన్ని లెక్కించడానికి వాడేది ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. భవనాన్ని వేల, లక్షల చిన్న ముక్కలుగా ఊహించి, ఒక్కో ముక్క ఎంత భారానికి ఎంత కదులుతుందో రాసుకుని, అన్నిటినీ కలిపి ఒక పెద్ద సమీకరణాల గుంపుగా చేసి సాధిస్తారు. విమానాల రెక్కల లెక్క కోసం 1950లలో రూపం తీసుకున్న ఈ పద్ధతికి ఆ పేరు పెట్టింది రే క్లాఫ్, 1960లో. మామూలు భవనానికి, చిన్న వంపులకు ఈ లెక్క సూటిగా ఉంటుంది: రెట్టింపు బరువుకు రెట్టింపు వంపు. కూలిపోయే చట్రంలో ఆ సూటిదనం పోతుంది. దూలం ఎంతో వంగి ఉంటుంది, వంగిన ఆకారమే దాని ప్రవర్తనను మారుస్తుంది, లోహం శాశ్వతంగా సాగిపోయి ఉంటుంది. అందుకని అడుగడుగునా, చట్రం అప్పుడున్న వంకర ఆకారంలోనే, తర్వాతి చిన్న కదలికను అది ఎంత ఎదిరిస్తుందో కొత్తగా లెక్కించాలి. ఆ ఎదిరింపు ఏదో ఒక దిశలో సున్నా అయిన క్షణమే పతనానికి మొదలు.

సత్యనాథం అట్లూరి పేరు ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన 1945 అక్టోబరు 7న గుడివాడలో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి, 1969లో అమెరికాలోని ఎంఐటీ నుంచి డాక్టరేటు పొందారు. అక్కడ ఆయన గురువు థియోడర్ పియాన్. ఫైనైట్ ఎలిమెంట్ ముక్క లోపలి ఒత్తిళ్లను ముందుగా ఊహించి లెక్క కట్టే దారిని 1964లో చూపినవారు పియాన్. ఆ దారిలోనే అట్లూరి చాలా దూరం వెళ్లారు. జార్జియా టెక్‌లో ఉండగా 1986లో కొండో, తనకలతో కలిసి, 1988లో షితో కలిసి ఆయన రాసిన పత్రాలు దూలాలు, స్తంభాలతో అల్లిన త్రిమితీయ చట్రాల గురించినవే. విపరీతంగా వంగిన దూలం తర్వాతి కదలికను ఎంత ఎదిరిస్తుందో నేరుగా ఒక సూత్రంగా రాసి చూపడం మొదటిదాని సారాంశం. రెండోదానిలో లోహం లొంగిపోయి మడతబందులా తిరిగే చోట్లను కూడా కలిపారు. ఒక్కో దూలాన్ని పది ఇరవై ముక్కలు చేయకుండా ఒకే ముక్కగా ఉంచి లెక్క సాగించవచ్చని ఆ పత్రాలు చూపాయి. ఆనాటి కంప్యూటర్ల శక్తిని తలచుకుంటే అదెంత మేలో అర్థమవుతుంది.

ఆ పత్రాలు మంట గురించి రాసినవి కావు. కానీ మంటలో చట్రాన్ని లెక్కించాలన్నా అదే ప్రశ్న ఎదురవుతుంది. ప్రతి అడుగులోనూ లోహం గుణాలు వేడితో మారుతుంటాయన్నది అదనంగా చేరుతుంది. తర్వాతి కాలంలో అట్లూరి విమానాల రేకుల్లో పగుళ్లు పాకే తీరు మీద పనిచేశారు, 1998లో జుతో కలిసి, ముక్కల జాలమే అక్కర్లేని లెక్కపద్ధతిని ప్రతిపాదించారు. భారత ప్రభుత్వం 2013లో పద్మభూషణ్ ఇచ్చింది. ఆయన 2023లో కన్నుమూశారు. గుడివాడ అంటే సినిమావాళ్లూ రాజకీయ నాయకులూ గుర్తొచ్చినంత త్వరగా ఈ పేరు గుర్తురాకపోవడం విచారించాల్సిన విషయం. అట్లూరి పుట్టిన 1945లోనే తెలంగాణలో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన జె.ఎన్. రెడ్డి 1984లో రాసిన ఫైనైట్ ఎలిమెంట్ పాఠ్యపుస్తకం ఎన్నో దేశాల ఇంజనీరింగు విద్యార్థుల చేతుల్లోకి వెళ్లింది. రెడ్డికి 2019లో తిమోషెంకో పతకం వచ్చింది.

వంపు దశ దాటి చట్రం నిజంగా పడటం మొదలయ్యాక లెక్క తీరు మారాలి. అప్పటిదాకా సమతూకం వెతుకుతూ వచ్చిన ప్రోగ్రాము ఇక సమతూకమే లేదని ఆగిపోతుంది. అక్కణ్నుంచి పడే ముక్కల వేగం, ఢీకొనడం, విరగడం అన్నీ కాలంతోపాటు నడిపించాలి. ఉక్కులో ధ్వని సెకనుకు దాదాపు 5000 మీటర్లు పోతుంది. ఆ అల ఒక ముక్కను దాటిపోయేంత వ్యవధికి మించి గడియారాన్ని ఒకేసారి ముందుకు జరపకూడదు. 10 సెంటీమీటర్ల ముక్కకు అది సెకనులో యాభై వేలోవంతు. 25 సెకన్ల పతనాన్ని చూడాలంటే పన్నెండున్నర లక్షల అడుగులు, ప్రతి అడుగులో లక్షలాది ముక్కలు.

ఇంత పెద్ద లెక్క నిజంగా చేసిన సందర్భం న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఏడో భవనం. 2001 సెప్టెంబరు 11న కూలిన జంట టవర్లను విమానాలు ఢీకొట్టాయి. 47 అంతస్తుల ఏడో భవనాన్ని ఏ విమానమూ తాకలేదు. పక్క టవరు శకలాలు పడి నిప్పంటుకుంది, ఊరి నీటి గొట్టాలు పగిలి కింది అంతస్తుల స్ప్రింక్లర్లకు నీళ్లు అందలేదు, దాదాపు ఏడు గంటలు మండి సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు కూలింది. ప్రధానంగా మంటల వల్లే పూర్తిగా కూలిన మొదటి ఎత్తైన భవనం ఇదేనని 2008లో నిస్ట్ తన నివేదికలో ప్రకటించింది.

ఆ దర్యాప్తులో మంటకు ఒక ప్రోగ్రాము, వేడెక్కిన అంతస్తులు దెబ్బతినే తీరుకు రెండోది, 47 అంతస్తుల పతనానికి ఎల్‌ఎస్-డైనా అనే మూడోది వాడారు. చివరి నమూనాలో లక్షలాది ముక్కలున్నాయి. 25 సెకన్ల పతనాన్ని లెక్కించడానికి కంప్యూటర్లకు ఎనిమిది వారాల దాకా పట్టింది. తేలిందేమిటంటే, దూలాలు బలం పూర్తిగా కోల్పోకముందే, సాగడం వల్లే కథ మొదలైంది. తూర్పు వైపు పొడవాటి దూలాలు వేడికి సాగి, తాము ఆనుకున్న గర్డరును 79వ నంబరు స్తంభం దగ్గర దాని ఆసరా మీంచి పక్కకు నెట్టాయి. 13వ అంతస్తు కూలి, దాని కింద ఒక్కొక్కటే అయిదో అంతస్తు దాకా పడ్డాయి. చుట్టూ పట్టు పోయిన 79వ స్తంభం తొమ్మిది అంతస్తుల ఎత్తున ఒంటరిగా నిలబడాల్సి వచ్చి మెలిక తిరిగింది. దాని వెంట పక్క స్తంభాలు, ఆ వెంట భవనం. ఏ స్తంభమూ వేడికి కరగలేదు. 600 డిగ్రీల లోపు వేడితో, ఒక అతుకు దగ్గర కొన్ని సెంటీమీటర్ల జరుగుడుతో 47 అంతస్తులు నేలమట్టమయ్యాయన్న ఈ నిర్ధారణ మీద విమర్శలూ వచ్చాయి. వేర్వేరు నిపుణులు అతుకుల వివరాలను వేర్వేరుగా తీసుకుని నమూనాలు కట్టారు, పతనం మొదలైన చోటు గురించి ఏకీభవించలేదు. చట్రంలోని బలహీనత దూలాల్లో కన్నా అతుకుల్లోనే వెతకాలన్న పాఠాన్ని మాత్రం ఆ వివాదం ఇంకా బలపరిచింది.

2017 జనవరి 19న టెహ్రాన్‌లో ప్లాస్కో భవనం కూలింది. 1962లో కట్టిన 15 అంతస్తుల ఉక్కు చట్రం అది, లోపలంతా బట్టల దుకాణాలు, కుట్టు పనివాళ్ల గదులు. ఉదయం అంటుకున్న మంట మూడున్నర గంటల్లో భవనాన్ని పడగొట్టింది. లోపల ఉన్న 16 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. భవనం ఎంతసేపు నిలుస్తుందో బయట ఉన్న అధికారికి తెలిసి ఉంటే వాళ్లను వెనక్కి పిలిచేవాడు. ఈ విద్య అవసరం ఎంతో చెప్పడానికి ఆ పదహారు ప్రాణాలు చాలు. ఆ పతనాన్ని కంప్యూటరులో తిరిగి నడిపించే తొలి ప్రయత్నాల్లో ఒకటి 2018లో వచ్చిన పరిశోధన పత్రం. దాని మొదటి రచయిత తేజేశ్వర్ యార్లగడ్డ, సహ రచయితల్లో ఆసిఫ్ ఉస్మానీ ఉన్నారు. వాడిన ఓపెన్‌సీస్ ప్రోగ్రాము బర్క్‌లీలో భూకంపాల కోసం పుట్టింది. దానికి మంటల లెక్కను జోడించింది ఎడిన్‌బరోలో ఉస్మానీ బృందం.

ప్లాస్కో కూలిన రోజుకు సరిగ్గా ఆరేళ్లకు, 2023 జనవరి 19న, సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులోని డెక్కన్ మాల్ అంటుకుంది. ఇది ఉక్కు చట్రం కాదు, కాంక్రీటు భవనం. లోపల నిల్వ చేసిన సరుకుతో మంట గంటల తరబడి ఆరలేదు, లోపలి స్లాబులు కొన్ని కూలాయి, ముగ్గురు కార్మికులు లోపలే చిక్కుకుపోయారు. వరంగల్ ఎన్ఐటీ నిపుణులు పరిశీలించి భవనం నిలబెట్టడానికి పనికిరాదని చెప్పాక దాన్ని కూల్చేశారు. తెలుగు నేల మీద మంట వల్ల కట్టడం దెబ్బతినడాన్ని ఇంజనీర్లు, అధికారులు, జనం ఒకేసారి తలెత్తి చూసిన సందర్భం అది. అలాంటి భవనంలోకి సిబ్బంది వెళ్లవచ్చా, పక్క ఇళ్లను ఖాళీ చేయించాలా అన్నవి ఆ గంటల్లోనే తేలాల్సిన ప్రశ్నలు. ఎనిమిది వారాలు పట్టే లెక్క అప్పుడు పనికిరాదు. వందల నమూనాలను ముందుగానే నడిపి పెట్టుకుని, ప్రమాదం రోజున సెన్సర్లు చెప్పే వేడిని బట్టి వాటిలోంచి జవాబు తీయడం మీద ఇప్పుడు చాలా దేశాల్లో పరిశోధన నడుస్తోంది.

భవనం ముక్కలై పడే దశకు ఇంకో పద్ధతి కూడా ఉంది. టోక్యో విశ్వవిద్యాలయంలో మెగురో బృందం రూపొందించిన అప్లైడ్ ఎలిమెంట్ పద్ధతిలో ముక్కల మధ్య స్ప్రింగులున్నట్టు ఊహిస్తారు. స్ప్రింగులు తెగితే ముక్కలు విడిపోతాయి, పడి మళ్లీ ఢీకొంటాయి. ఈ పద్ధతిని అక్కడే నేర్చుకుని హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప పరిశోధనకు తెచ్చిన రామన్‌చర్ల ప్రదీప్ కుమార్, తర్వాత రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. దేశంలో కట్టడాల అగ్ని పరీక్షలు చేసే ముఖ్య ప్రయోగశాలల్లో ఒకటి ఆ సంస్థలోనే ఉంది.

అట్లూరి పుట్టిన గుడివాడ ఉన్న కృష్ణా దిగువ డెల్టాలో ఆకాశహర్మ్యాలు లేవు. ఇక్కడి ఉక్కు చట్రాలు వేరు: గుడివాడ చుట్టుపక్కల రైసు మిల్లులు, వడ్ల గోదాములు, ఉయ్యూరు చక్కెర మిల్లు లాంటి పాత కర్మాగారాలు, నాగాయలంక, అవనిగడ్డ వైపు రొయ్యలు, మేత నిల్వచేసే షెడ్లు, ఊరూరా లేస్తున్న కల్యాణ మండపాలు. బందరులో 2023లో పోర్టు పనులు మొదలయ్యాయి. పోర్టు వెంట గోదాములు రావడం ఖాయం. వీటిలో ఇప్పుడు కడుతున్నవి చాలావరకు ఫ్యాక్టరీలో తయారై వచ్చి బోల్టులతో బిగించే షెడ్లు. దిగువ డెల్టాలో తరతరాలుగా అగ్ని భయమంటే పూరిళ్ల భయం, గడ్డివాముల భయం. రేకుల షెడ్డు వచ్చాక ఆ భయం తీరిందనుకోవడం సహజమే. నిజానికి భయం రూపం మారింది.

ఈ షెడ్లకు ఇక్కడి వాతావరణం ఒక మేలు, ఒక కీడు చేస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టిన తర్వాత తుపాను గాలిని లెక్కలోకి తీసుకోకుండా ఇక్కడ ఎవరూ ఏదీ కట్టలేరు. తీర ఆంధ్రకు ప్రమాణం చెప్పే మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. అంత గాలికి సరిపడా చేసిన చట్రం, గాలి లేని మామూలు రోజున తన బలంలో కొద్ది భాగమే వాడుతుంది. ముందు చెప్పిన సూత్రం ప్రకారం దాని హద్దు ఉష్ణోగ్రత 560 దగ్గర కాక 700 వైపు జరుగుతుంది. తుపానుకు పెట్టిన ఖర్చు మంట వేళ కొన్ని నిమిషాలు కొనిపెడుతుంది. కీడు ఉప్పుగాలి. 10 మిల్లీమీటర్ల రేకులో రెండు మిల్లీమీటర్లు తుప్పు తినేస్తే బలం తగ్గడమే కాక, ఇందాకటి 200 అంకె 250 అవుతుంది. అంటే దూలం పావు వంతు త్వరగా వేడెక్కుతుంది. కొత్త షెడ్డుకు చేసిన అగ్ని లెక్క పదిహేనేళ్ల తుప్పు తర్వాత చెల్లదు. అగ్నినిరోధక పూతలు కూడా ఈ తేమలో పొరలు లేచిపోతే పనికిరావు.

సరుకు కూడా లెక్కలో భాగమే. వడ్ల బస్తాలు మెల్లగా, లోలోపల చాలాసేపు మండుతాయి. రొయ్యలు ప్యాక్ చేసే థర్మకోలు పెట్టెలు, శీతల గదుల గోడల్లో నురుగు ప్యానెళ్లు నిమిషాల్లో భగ్గుమంటాయి. రెండిటికీ ఒకే మంట ఊహించి షెడ్డు లెక్క కడితే తప్పు దారి పడుతుంది.

ఏటవాలు కప్పు షెడ్డు మంటలో కూలే తీరును నమూనాలు స్పష్టంగా చూపాయి. ముందు కప్పు దూలం సాగి రెండు పక్కల స్తంభాలను బయటికి నెడుతుంది. తర్వాత మధ్యలో మెత్తబడి కుంగుతూ వాటిని లోపలికి లాగుతుంది. స్తంభం పాదం పునాదికి గట్టిగా పట్టి ఉంటే పక్క గోడ నిలుస్తుంది, లేదా లోపలికే పడుతుంది. పాదం వదులుగా ఉంటే గోడ బయటికి, అంటే గొట్టాలు పట్టుకుని నిలబడ్డ అగ్నిమాపక సిబ్బంది మీదికి ఒరగవచ్చు. బ్రిటన్‌లో పొలిమేర గోడల దగ్గరి షెడ్లకు ఈ కారణం చేతనే పాదాల బిగింపును ప్రత్యేకంగా లెక్కించమంటారు. పాదం దగ్గర నాలుగు బోల్టులు, కాస్త పెద్ద పునాది షెడ్డు మొత్తం ఖర్చులో చిన్న భాగం.

ప్రతి షెడ్డుకూ లక్షల ముక్కల నమూనా అక్కర్లేదు. ఐఎస్ 800 పదహారో అధ్యాయంలోని సూత్రాలు ఏ సివిల్ ఇంజనీరైనా ఒక పూటలో వేయగలిగినవే. జనం గుమిగూడే పెద్ద మండపాలకు, పోర్టు దగ్గర రాబోయే భారీ గోదాములకు మాత్రం పూర్తి చట్రం నమూనా చేయించాలి. షెడ్డు కట్టించుకునే యజమానులు కొటేషను తీసుకునేటప్పుడే ఇంజనీరును నాలుగు విషయాలు అడగాలి: ప్రధాన దూలాల హద్దు ఉష్ణోగ్రత ఎంత, అక్కడికి చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, అతుకుల బోల్టులకు కూడా ఆ లెక్క వేశారా, స్తంభాల పాదాలు ఎలా బిగించారు. ఆ నాలుగు జవాబులూ డ్రాయింగు మీద రాయించి, ఒక ప్రతిని దగ్గరలోని అగ్నిమాపక కేంద్రంలో ఇవ్వాలి.